చప్పుడు లేని బండి

అడవిలో జంతువుల కోసం కట్టిన నీటి తొట్టి నింపి, ట్యాంకరు డ్రైవరు పొదలవైపే చూస్తూ నిలబడ్డాడు. గేటు దగ్గర కాపలా ఉండే బావమరిది నడుచుకుంటూ వచ్చాడు.

“ఎవరికోసం బావా, కొత్త పెళ్లికొడుకులా ఆ ఎదురుచూపులు?”

“గుడ్డి జింక రాలేదురా. మిగతావన్నీ వచ్చాయి.”

“నీళ్ల వాసన తెలీదా దానికి?”

“ముసలిదైపోయింది. నా పాత డీజిలు బండి మోత పట్టుకునే ఇంతదూరం వచ్చేది. ఈ కరెంటు బండి వచ్చినప్పటినుంచీ జాడ లేదు.”

“పొగ రాదు, అడవికి మంచిదని నువ్వే కదా ఊరంతా చెప్పుకొచ్చావు?”

“మంచిదే, కాదన్నానా? దేవుడు కళ్లు తీసుకుని దానికి చెవులు మిగిల్చాడు. ఆ చెవులకి మనమేం మిగిల్చాంరా?”

“హారన్ కొట్టకపోయావా?”

“కొట్టాను. తాగుతున్నవి కూడా పారిపోయాయి.”

“పోనీ పాత బండి ఒక్క పూట అడిగి తెద్దాం.”

“దాన్ని మొన్ననే తుక్కు చేసేశారు.”

డ్రైవరు తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. చిన్నపిల్లాడిలా పెదాలు ఆడిస్తూ పాత ఇంజను మోత నోటితో మొదలుపెట్టాడు. మధ్యమధ్య అది దగ్గే దగ్గు కూడా వదల్లేదు.

బావమరిదికి నవ్వొచ్చింది గానీ, బావ మొహం చూసి నవ్వలేకపోయాడు. పొదల్లో ఆకు కూడా కదల్లేదు.

“ఇంకొంచెం గట్టిగా, బావా,” అన్నాడు.