లాండ్రీ గది పక్కన ఎనిమిది వేల పెట్టె

ఆ అమ్మకాల కాగితం మళ్ళీ నా ముక్కు కింద పెట్టకు, రాస్మస్. చూశాను. ఇరవై వీడియోగేమ్ పెట్టెలు పంపారు, ఒక్కటే అమ్మాను. మిగతా పందొమ్మిదీ వెనకగదిలో కూచుని నన్నే చూస్తున్నాయి. ఈ నెలాఖరుకి పది పోకపోతే మీ కంపెనీ బోర్డు విప్పుకుపోతావు. బోర్డు పోతే నా కొట్టు మూతే. ఇంకేమన్నా మిగిలిందా చెప్పడానికి?

ఎందుకు కొనట్లేదంటావా? అబ్బ! నన్ను అడుగుతావేం? ఎనిమిది వేల క్రోనర్లా ఒక ఆట పెట్టెకి! పోనీ, దానికోసమే చేసిన ఆటలెన్ని? రెండు. అందులో ఒకటి పాతదే, రంగు మార్చారు. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే మైకెన్ వచ్చి పావుగంట ఆడి చూసింది. "తెర మీద గడ్డి కదుల్తోంది, అంతేగా గున్నెల్?" అంది. నిజమే. కదుల్తోంది మరి!

నవ్వకు. నవ్వే సంగతి కాదిది.

అసలు దెబ్బ ఎక్కడ కొట్టారో తెలుసా? డిస్కు దూర్చే చీలిక తీసేశారు. మీకది చీలికే. నాకది శనివారం. పదిహేనేళ్ళుగా నార్‌షొపింగ్‌లో మా వీధికి శనివారమంటే ఇదిగో, ఈ బల్ల. ఆడేసిన డిస్కు ఇక్కడ పెట్టి, ఇంకొకరిది పట్టుకుపోవడం. ఫ్లాస్కులో కాఫీ, నేను చేసిన ఏలకుల బన్నులు, గంటలకొద్దీ వాదనలు. ట్రామ్ నడిపే ఓస్టెన్ ఎప్పుడూ అనేవాడు, "నీ ఆటలు చెత్త, నీ బన్నుల కోసమే వస్తున్నా!" అని. ఇప్పుడు ఆటలన్నీ నెట్‌లోంచే దిగిపోతాయి. మార్చుకోడానికి ఏముంది?

పోయిన శనివారం బన్నులన్నీ నేనే తిన్నాను, రాస్మస్. పన్నెండు.

ఆ అమ్మిన ఒక్కటి ఎవరికా? రాసుకో. మా బిల్డింగుకి. ముప్ఫై రెండు ఇళ్ళకీ కలిపి.

ఏం, అలా చూస్తావు? మీ బిల్డింగు కింద నేలమాళిగలో, అందరూ వంతులేసుకుని బట్టలుతుక్కునే లాండ్రీ గది లేదా? గోడ మీద రోజులూ పూటలూ గీసిన బోర్డు, నీ ఇంటి నంబరున్న బుల్లి తాళం ఒక గడిలో వేస్తే ఆ పూట నీది. పక్క గది ఖాళీగా ఉంటే అందులో ఈ పెట్టె పెట్టి, అలాంటి బోర్డే ఇంకోటి కొట్టాం. బట్టల కోసం ఎలా కొట్టుకుంటామో దీనికీ అంతే. నిన్న తలుపు మీద చీటీ, "బుధవారం నా పూట మింగేసిన మహానుభావా, సిగ్గుందా?" అని!

ఈ ఆలోచన ఎవరిదా...

బిల్డింగువాళ్ళదే అని చెబుదామనుకున్నాను. పొద్దుట్నుంచీ అద్దం ముందు సాధన కూడా చేశాను. చేతకావట్లేదు.

సెప్టెంబరులో మా బిల్డింగులోని పద్నాలుగు ఇళ్ళవాళ్ళు కలిసి వచ్చారు. ధరని తిట్టుకుంటూనే వచ్చారు. ఎవరిది వాళ్ళు కొనుక్కుంటామన్నారు. పద్నాలుగు! నీ కాగితం అక్కడికక్కడే నిండిపోయేది. నా నోరే ఊరుకోలేదు. "పద్నాలుగెందుకర్రా? అందరికీ కలిపి ఒకటి చాలదూ?" అన్నాను.

ఎందుకన్నానా? పద్నాలుగు పెట్టెలు పద్నాలుగు తలుపుల వెనక్కి పోతే, ఇక నా గడప తొక్కేదెవరు? ఒకటే ఉంటే మనుషులు కలుస్తారు, కలిస్తే కబుర్లకి ఇక్కడికీ వస్తారు అనుకున్నాను. తెలివి!

కలుస్తున్నారు. కిందే కలుస్తున్నారు. కాఫీ కిందే, వాదనలూ కిందే. ఓస్టెన్ బన్నులు చేయడం కూడా నేర్చేసుకున్నాడు. నావంత బాగుండవులే... బాగానే ఉంటాయి.

ఇంక నెలాఖరు దాకా ఎందుకు? ఆ నిచ్చెన తీసుకో. బోర్డు ఎడమవైపు మేకు తుప్పు పట్టింది, చెయ్యి జాగ్రత్త. పందొమ్మిదీ బండిలోకి ఎక్కించేయ్. కాస్త తొందరగా కానివ్వు, ఆరింటికి కింద నా తాళం ఉంది. అరగంట దాటితే ఆ పూట ఎవరైనా తీసేసుకోవచ్చు.

రూలు. నేనే రాశాను.