అటకెక్కిన ఫ్యాను

నంద్యాల నర్సింగ్ కాలేజీ వరండాలో ఆళ్లగడ్డ రైతొకడు ప్రొఫెసరమ్మ ముందు తల దించుకొని నిలబడ్డాడు.

"నిన్న మా ఊర్లో ఆడోళ్లకు మీటింగు పెట్టినారు గదా మేడం. మైకులో మీ మాటలు బయట కూచోని విన్యా."

"దానికి ఇంతదూరం వచ్చినావా అన్నా? ఏందీ సంగతి?"

"ముట్లు నిల్చిపోయే ఈడులో ఒంట్లో మంటలు లేస్తాయంటిరే. చలికాలంలో గూడానా?"

"ఏ కాలమైనా లేస్తాయి. చూపిచ్చుకుంటే తగ్గుతాయి. మీ ఇంటామెను పిల్చుకరాకపోయినావా?"

"ఇంట్లో లేదు. చలిలో ఫ్యాను ఏసుకుంటాంటే తిట్నా. మళ్లా ఏస్తే ఊడదీసి అటకెక్కిచ్చినా."

"ఆమె ఏమనలేదా?"

"తడిగుడ్డ కప్పుకొని పండుకునేది. అది చూసి పిచ్చే అనుకున్యా. ప్యాపిలి నుంచి ఆమె అన్నదమ్ముల్ని పిలిపిచ్చి, ఈ పిచ్చిదాన్ని తోలకపోండంటి."

ప్రొఫెసరమ్మ కుర్చీ చూపించినా అతను కూర్చోలేదు.

"అది పిచ్చి కాదని మీరే వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి మేడం. నాకు మొగం చెల్లదు."

"పిచ్చిదన్నది నువ్వు, నేను కాదు. ఎవరి ముందర అన్నావో వాళ్ల ముందరే, తప్పు నాదని ఆమెకు చెప్పు. ఆనక నా దగ్గరికి పిల్చుకరా."

అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ప్యాపిలి బస్సు యాడ నిలబడుతుంది మేడం?"

"ఇప్పుడేనా? ముందు ఇంటికి పోయి ఫ్యాను బిగిచ్చరాదా?"

"ఇంటికి పోయినానంటే మళ్లా సిగ్గు అడ్డమొస్తాది."