మూడు ఎర్ర పోగులు

కల్లూరు. హరినాథ్ గదిలో మంచం మీద బ్యాగు తెరిచి ఉంది. పక్కింటి గురమ్మ తువ్వాళ్లు మడిచి అందులో పెడుతోంది.

“ఇది కూడా పెడతాండా. నేను నేసిందే. అంచులో మూడు ఎర్ర పోగులు.”

“ఒక్క రోజుకు మూడు తువ్వాళ్లు ఎందుకవ్వా?”

“ఒక్క రోజేనా? ఎల్లుండి ఈపాటికి ఈడుంటావు కదా?”

“ఉంటా. బెంగుళూరులో ఆ కంపెనీవాళ్లను అడిగి, ఆ పొద్దే బండెక్కుతా.”

“ఏమని అడుగుతావు?”

“మళ్లా చెప్పాల్నా? దిక్కులేని మనిషి యాడన్నా కనపడితే జనం ఫొటో పెట్టేది వాళ్ల సైటులోనే. నా యాప్ ఆ ఫొటోలన్నీ తెచ్చి, మనుషుల్ని వెతుక్కునేవాళ్లకు ఒక్కచోట చూపిస్తాది. ఇన్నాళ్లూ ఊరకే ఇచ్చిరి. ఒకటో తారీఖు నుంచి తెచ్చుకున్న ప్రతిసారీ దుడ్లు కట్టల్లంట.”

“కట్టు.”

“నన్ను అమ్మినా చాలదు.”

“నా కమ్మలు ఉండాయి.”

“అవ్వా! తియ్యొద్దు. అవి ఒక పూటకు కూడా రావు.”

“అయితే మూసేస్తావా? పొద్దున్నే లేచి నేను యాడ చూడల్ల?”

“మూయకూడదనే పోతాండా. సేవ చేసే యాప్‌ల దగ్గర దుడ్లు తీసుకోవద్దండని అర్జీ ఇస్తా. రోజూ చూసేదానివి, నీ సంగతే రాస్తా. ఎవరి కోసం చూస్తాండావు?”

“సబ్బు పెట్టుకున్నావా?”

“అవ్వా.”

“మొగాలు చూడను నేను. ఏండ్లయితే మొగం మారతాది. భుజం మీద తువ్వాల చూస్తా. మూడు ఎర్ర పోగులు మా మగ్గం గుర్తు.”

“ఇన్నేండ్లు తువ్వాల ఉంటాదా? సరే, పేరు చెప్పు. యాప్‌లో నువ్వు ఎక్కించింది తీస్తా.”

“ఏం ఎక్కించేది?”

“పేరు, పాత ఫొటో, పోయిన తారీఖు. అవి ఎక్కిస్తేనే కదా అది పోల్చి చూసి నీకు చెప్పేది.”

“ఈ జిప్పు పడటం లేదు చూడు.”

“ఆరేండ్లుగా చూస్తాండావు. ఎక్కించనే లేదా?”

“ఆడ పైన ‘తప్పిపోయినవారు’ అని రాసినావు. చదువుకున్నాలే. నా కొడుకు తప్పిపోలేదు. పనిమీద పోయినాడు.”

“ఎంత పని చేసినావవ్వా! ఎన్ని వేల ఫొటోలు వచ్చి పోయినాయో! పాతవి దాచుకోనియ్యరు వాళ్లు.”

“అరవొద్దప్పా. ఇప్పుడు ఎక్కించు.”

“ఒకటో తారీఖుకు ఇంక మూడు రోజులే ఉండాది.”

“మూడు రోజులు తక్కువా? ఒక్క పూటలో దొరికినోళ్లు లేరా? ఎక్కించు, నీకు దండం పెడతా.”

“చేతులు దించు. చెప్పు. ఏం పనిమీద పోయినాడు?”

“అప్పుడు ఎమ్మిగనూరులో ఉంటిమి. కర్నూలు సావుకారికి చీరలు ఇచ్చొస్తానన్నాడు. సంచి నేనే సర్దినా. తువ్వాల నేనే కప్పినా. వాన అప్పా, వద్దంటి. మాపటికి వస్తాలే అన్నాడు.”

“ఎప్పుడు?”

“నీకు బండికి టైమవుతాండాది, పో.”

“తారీఖు లేకుంటే అర్జీ నిలబడదు. ఏం రాయమంటావు? పనిమీద పోయినాడు, వస్తాడు అని రాయాల్నా?”

“వద్దు.”

“మరి?”

“రాసుకో. తిమ్మన్న, నా కొడుకు. రెండువేల తొమ్మిది, అక్టోబరు రెండు, కర్నూలులోకి వరద నీళ్లు వచ్చిన రోజు. ఆ పొద్దు పోయినోడు తిరిగి రాలేదు.”