వెనక వస్తున్న బండి

"సదయ్య కాకా, నీ ఇంగ్లాండు లారీ గిట్ల అడ్డం పెడితే నా కొత్త కారు ఏడ పెట్టాలె? కవరు సుత కొన్న," అన్నాడు పక్క క్వార్టరు వీరేందర్.

"ఫికర్ చెయ్యకు. పాత బండ్లు జమచేసే సారు రేపు పట్నం నుంచి వచ్చి తీస్కపోతడు."

"రోజూ తుడిసి, రంగేసి కాపాడిన ఈ బెడ్‌ఫోర్డు లారీని ఇచ్చేస్తవా?"

"మీ చిన్నమ్మ కనకవ్వకు మతి తప్పినంక, దీని హారన్ కొడితేనే నన్ను గుర్తుపట్టి, చెంబుల నీళ్లు తెస్తుండె. అందుకే ఉంచిన."

"మరిప్పుడేమైంది?"

"నిన్న సుత తెచ్చింది. నా చేతికిచ్చి, 'డ్రైవరన్నా, మా ఇంటాయన బండి ఇంకా రాలేదేంది?' అనడిగింది."

"నువ్వేమన్నవ్?"

"వెనక వస్తున్నదన్న."

కనకవ్వ ఇంకా గేటు దగ్గరే నిలబడి రోడ్డు చూస్తోంది. రేపు ఖాళీ అయ్యే ఆ జాగాలో వీరేందర్ తన కారు ఎట్లా పెట్టాలో, మీకు తెలిస్తే దయచేసి చెప్పండి.