కొండ మలుపును లాగిన బండి

మనిషి కన్నా ముందు గొంతు వినపడుతుంది కాబట్టి ఆయన్ని అందరూ హారన్ బాబాయ్ అంటారు. పశువుల ఆసుపత్రి గేటు ఎదుట టీ కొట్టులో ఆ పొద్దున మేం ముగ్గురం ఉన్నాం. టీ కాచే పెద్దాయన, ఆసుపత్రి కాంపౌండరు, పక్కన వెల్డింగ్ షాపు నాది కాబట్టి నేను. బెంచీ చివర ఒకావిడ మందుల చీటీ మడిచి పట్టుకుని కూర్చుంది. ఆవులు పెట్టుకుని పాలు అమ్ముకునే మనిషని కాంపౌండరు చెప్పాడు.

బాబాయ్ కొత్తగా కొన్న పాత డీజిల్ బండిని కొట్టు ముందు ఆపి, ఇంజను ఆపకుండానే దిగాడు. ఆపితే మళ్లీ స్టార్టవదని కాదట, దాని ఊపిరి మేం నాలుగు నిమిషాలైనా వినాలట.

టీ గ్లాసు చేతికి రాగానే మొదలుపెట్టాడు.

"ఇరవై రెండేళ్ల పాత బండి ఎందుకు కొన్నావయ్యా అని ఊరంతా అడుగుతోంది. షోకు కోసం కొన్నానా నేను? ఆరు గేదెలున్నాయి నాకు. వాటిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలంటే లారీ వాళ్ల కాళ్లావేళ్లా పడాలి. అందుకని ముందు పశువుల ట్రైలరు కొన్నాను, తర్వాత దాన్ని లాగే బండి కోసం తిరిగాను. చివరికి ఒక రిటైరైన ఇంజినీరుగారి షెడ్డులో దొరికింది. టైర్లలో గాలి లేదు, వెనక సీట్లో కోడి పొదుగుతోంది. ముగ్గురు మెకానిక్కులు చూసి పెదవి విరిచి పోయారట. నేను బానెట్ మీద చెవి పెట్టి విన్నాను. మూడో నాజిల్ దగ్గుతోంది సార్ అన్నాను."

ఆగిపోయి ఉన్న ఇంజను ఎలా దగ్గుతుందని కాంపౌండరు అడిగాడు.

"నువ్వు ముక్కు తడి చూసి పశువుకి జ్వరముందో లేదో చెప్పవూ? ఇదీ అంతే. నాజిల్ విప్పి, ఒక్కసారి ఊది బిగించాను. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంజినీరుగారు కళ్లు తుడుచుకుని, తాళాలు నా చేతిలో పెట్టి, ఇన్నేళ్లూ ఇది నీ కోసమే ఆగింది బాబూ అన్నారు."

ఆ నాజిళ్లతో మా వీధి మెకానిక్కు నాలుగు రోజులు కుస్తీ పట్టడం నేను కళ్లారా చూశాను. కానీ టీ వేడిగా ఉంది, కథ ఊపు మీద ఉంది, ఊరుకున్నాను.

"సరే, మొదటి ట్రిప్పు. ట్రైలర్లో రెండు గేదెలు. కొండ రోడ్డు. సెకండ్ గేర్లో వేసి వదిలేశాను, అంతే, నీళ్లు తాగినట్టు ఎక్కేసింది. పైకెళ్లి వెనక్కి చూస్తే గేదెలు నెమరేస్తూ నిలబడి ఉన్నాయి, కదిలినట్టు కూడా వాటికి తెలియలేదు. రెండో ట్రిప్పుకి నాలుగు ఎక్కించాను."

ట్రైలర్లో రెండే కదా పట్టేది అన్నాడు టీ పెద్దాయన, గ్లాసులు కడుగుతూ.

"సర్దుకోమని చెప్పాను, సర్దుకున్నాయి. చెప్పేవాడు చెప్తే గేదె కూడా వింటుంది. ఇక అసలు సంగతి మూడో ట్రిప్పులో. వాన దంచి కొడుతోంది. కొండ మొదట్లో ఇటుకల లారీ బురదలో దిగబడి ఉంది. లారీ డ్రైవరు నా బండిని చూసి రెండు చేతులూ జోడించాడు. పోనీలే పాపమని ట్రైలరు వెనక లారీని కట్టాను. లారీ వెనకాల బస్సు. దాన్నీ కట్టమన్నారు, కట్టాను. బస్సులో నలభై రెండు మంది. దిగి తోస్తామన్నారు. మీరు కూర్చోండమ్మా, తడుస్తారు అన్నాను. అందరినీ లాక్కుంటూ పోతున్నాను, ఒకావిడ కిటికీలోంచి తొంగి చూసి, బాబూ కొంచెం మెల్లగా పోనివ్వు, పాప నిద్రపోతోంది అంటోంది. అప్పుడు డీజిల్ అయిపోయింది."

"ఆగిపోయిందా?" అన్నాడు కాంపౌండరు, కాస్త ఆశగానే.

"సూది అడుక్కి పడిపోయింది కానీ బండి ఆగితేనా. అప్పటికి దానికి పంతం వచ్చేసింది. ఇంకో రెండు మైళ్లు పంతం మీదే నడిచింది. ఇంతలో ఏమైందో తెలుసా? కింది మలుపు తిరుగుతుంటే బస్సు వెనక వేలాడుతున్న తాడు కొస వెళ్లి కొండ రాయికి చిక్కుకుంది. నాకది తెలీదు. వెనక ఏదో కొంచెం బరువనిపించింది, నాలుగు చక్రాలూ లాగేలా ఫోర్ బై ఫోర్ వేసి, ఫస్ట్ గేర్లో పెట్టి తొక్కాను. పెళపెళమని ఒక చప్పుడు. అద్దంలో చూద్దును కదా, మలుపు లేదు. కొండ అంత దూరం జరిగి రోడ్డు గీత గీసినట్టు నిటారుగా ఉంది."

టీ పెద్దాయన చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఆ మలుపు తీసేసింది రోడ్డు డిపార్టుమెంటు వాళ్లు కదా అన్నాడు. ఆరు నెలలు పని జరిగిందట, కూలీలకి ఈయనే టీ పంపాడట.

"తారు పోసింది వాళ్లు. మలుపు తీసింది నా బండి."

మరి పై మలుపు ఇంకా అలాగే ఉందేమని కాంపౌండరు అడిగాడు.

బాబాయ్ టీ చివరి గుక్క తాగాడు. "తాడు చాల్లేదు."

మేం నవ్వుకుంటూ ఉండగానే బెంచీ చివరి ఆవిడ లేచి దగ్గరికి వచ్చింది. ఆవిడ ముఖంలో నవ్వు లేదు. తన ఆవు ఏడు నెలల చూడిదట. మొన్న పాకలో జారి పడి ముందు కాలు వాచిపోయింది. ఎక్స్‌రే తీయాలి, అవసరమైతే ఆపరేషన్ చేయాలి, కొండ అవతలి పెద్దాసుపత్రికి రేపు పొద్దున్నే తీసుకెళ్లమని డాక్టరు చెప్పారు. లారీ మాట్లాడుకుంది కానీ లారీ ఎత్తు, ఆ కాలితో ఆవు ఎక్కలేదని రాత్రంతా దిగులుపడింది.

"మలుపుల సంగతి నాకు తెలీదు బాబాయ్," అంది. "మీ ట్రైలరు నేలకి దగ్గరగా ఉంటుంది కదా. రేపు మా ఆవుని తీసుకెళ్తారా?"

"అదెంత పనమ్మా," అన్నాడు బాబాయ్. మాట వచ్చింది కానీ గొంతు సగమే వచ్చింది.

ఆవిడ అప్పటికే ఫోను తీసి, లారీ అతనికి వద్దని చెప్పేస్తానంటూ నంబరు నొక్కుతోంది. బాబాయ్ నా వైపు చూశాడు. ఆ చూపులో ఊరుకోమనడం ఉందో, చెప్పేయమనడం ఉందో నాకు ఇప్పటికీ తెలీదు.

"అక్కా, లారీని వద్దనకండి," అన్నాను. "ఈ బండికి ట్రైలరు తగిలించే కొక్కెమే లేదు. అది చేసి బిగించాల్సింది నేను. మూడు వారాలుగా రేపు, ఎల్లుండి అని తిప్పుతున్నాను. ఈ బండి ఇంతవరకు దేన్నీ లాగలేదు."

అందరం బండి వెనక వైపు చూశాం. బంపరు కింద నంబరు ప్లేటు తప్ప ఏమీ లేదు.

అవతల లారీ అతను హలో హలో అంటున్నాడు. ఆవిడ ఒక్క క్షణం బాబాయ్ వైపు చూసి, ఆరింటికే రమ్మని అతనికి చెప్పి ఫోను పెట్టేసింది. కోప్పడి ఉంటే మాకు కాస్త తేలికగా ఉండేది. నా దగ్గర రెండు మందపాటి ఇనుప పలకలున్నాయని, సాయంత్రంలోగా వాటికి పట్టీలు వేసి ఆవు నడిచి ఎక్కేలా వాలుగా చేసిస్తానని చెప్పాను. కాలు జారకుండా పైన గోనె సంచులు పరవాలన్నాడు కాంపౌండరు. టీ పెద్దాయన లోపలికి వెళ్లి సంచులు తెచ్చి ఆవిడ పక్కన పెట్టాడు.

బాబాయ్ ఖాళీ గ్లాసు పక్కన పెట్టి బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా వినడం అదే మొదటిసారి.

"పోయిన వానాకాలం నా గేదె ఒకటి నాలుగు రోజులు లేవలేదమ్మా. ఎంతమందిని అడిగినా బండి రాలేదు. అయిదో రోజు ఒకడు వచ్చాడు. అప్పటికి దాంతో పని లేకపోయింది."

ఆయన లేచి వెళ్లి ఇంజను ఆపి, తిరిగొచ్చి, ఆవుని ఎక్కించేటప్పుడు తల పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి, పొద్దున అయిదున్నరకల్లా మీ పాక దగ్గరుంటాను, ఆసుపత్రి దాకా తోడొస్తాను అని ఆవిడతో చెప్పాడు.

మీ బండిలోనా అని అడిగింది ఆవిడ.

"లారీలోనే, ఆవు పక్కన," అన్నాడు బాబాయ్. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "నా బండి తెస్తే లారీ వాడు చిన్నబుచ్చుకుంటాడమ్మా."