లొంగని వల, లొంగని నేను

ఈ గ్రాండ్ నదికి ఇటుపక్కా అటుపక్కా, లక్రాస్ ఆటలో బంతిని పట్టి విసిరే కర్రకి కట్టిన కొత్త వలని నాలా మెత్తబరిచినవాడు ఇంకా పుట్టలేదు. సరే, మా పెద్దనాన్న పుట్టాడు. ఆయన కొడుకులూ పుట్టారు. వాళ్ళెవరూ ఈ ఆటల హాలు మెట్ల మీద లేరు గనక ఇవాళ్టికి నేనే.

ఏంటి గార్నెట్ అన్నా, ఆ చూపు? కెప్టెన్‌వి, చూడు, తప్పులేదు. "ఆట మొదలయ్యేలోపు నీ వలలో బంతి కుదురుగా నిలవకపోతే నా కర్ర తీసుకో, లేదా బెంచీ ఎక్కు" అన్నావు కదా? నేను రెండూ చెయ్యను. టౌను వాళ్ళ మీద ఇవాళ నా కర్రతోనే ఆడతా. వెర్నా అత్తా, జరుగు కాస్త, నువ్వూ విను.

కొత్త వల అంటే తెలుసుగా, రేకు ముక్క. బంతి వేస్తే మొహం మీదికే ఎగురుతుంది. ముందు గోరువెచ్చటి నీళ్ళలో తడిపి, బంతి పెట్టి, బొటనవేళ్ళతో నొక్కా. గోళ్ళు అరిగాయి. వల అరగలా.

"నీ గోళ్ళు బాగానే ఉన్నాయి కదరా!"

మళ్ళీ మొలిచాయిలే అత్తా! అప్పుడు దాన్ని మా పికప్ బండికి వెనక కట్టి, చర్చి దాకా ఈడ్చుకెళ్ళా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వల మా వాకిట్లో కంచెకి తగులుకుని సాగింది, సాగింది. నేను చర్చి దగ్గర బ్రేకు వేశానో లేదో, గుంజింది చూడు, బండీ నేనూ వెనక్కి ఎగిరొచ్చి మా వాకిట్లోనే పడ్డాం. పెట్రోలు ట్యాంకు నిండి ఉంది!

"ట్యాంకు ఎలా నిండిందిరా?" అన్నాడు గార్నెట్.

వెనక్కి వచ్చాం కదన్నా, వాడిందంతా తిరిగొచ్చింది. అడ్డు రాకు. సరేనని నదిలో ముంచా. నా చెయ్యంత చేప వచ్చి అందులో పడింది. వల దాన్ని విదిలించి కొడితే, అవతలి ఒడ్డున ఎవరో పొయ్యి మీద పెట్టుకున్న పెనంలో పడింది. అదీ పొట్ట శుభ్రం చేసి మరీ! అప్పుడే మబ్బు పట్టింది. పైన మబ్బుల్లో ఇదే ఆట ఆడుతూ ఉరుములు పుట్టించే ఉరుముల తాతలు ఆట ఆపేసి, "ఒరే డెల్మర్, ఆ కర్ర ఒక్కసారి ఇస్తావా" అని...

"తాతల్ని లాగకు," అంది వెర్నా అత్త. "వాళ్ళ ఆట వాళ్ళది. ఏదీ, ఆ కర్ర ఇటు తే."

ఎందుకత్తా, నీ చెయ్యి నొప్పెడుతుంది...

లాక్కుంది. కళ్ళద్దాలు దించి వలలోంచి గోటితో ఏదో గీకి, వెలుగుకి పట్టి చూసింది.

"ఇది తెల్ల మొక్కజొన్న పొట్టు. నిన్న బూడిద నీళ్ళలో గింజలు ఉడకేసి అలా చర్చికి వెళ్ళొచ్చా. నా కుండ మూత కింద పడి ఉందేంటా అనుకున్నా. దీన్ని అందులో ముంచావురా?"

మెట్ల మీద అందరూ ఒకటే నవ్వు. మీరే చెప్పండి, రాళ్ళలాంటి గింజల తోలు ఊడదీసే బూడిద నీళ్ళకి ఒక్క వల లెక్కా? లెక్కే. గింజలు మెత్తబడ్డాయి. వల రేకులాగే ఉంది. వల బిగించిన ప్లాస్టిక్కు తల మాత్రం వేడికి ఓ పక్కకి ఒరిగింది, మెడ పట్టేసినట్టు.

గార్నెట్ తన కర్ర నా ఒళ్ళో పెట్టాడు. "పట్టుకో. నా వల దూదిలా ఉంటుంది. పద లోపలికి."

పట్టుకోను.

"బెంచీ మీద కూర్చుంటావా?"

కూర్చోను.

"మరేం చేస్తావురా?" అంది అత్త, ఈసారి నవ్వకుండా.

లోపల ఈల వేశారు. ఇక చెప్పక తప్పలేదు.

"అత్తా, నా పాత కర్ర వల కూడా దూదిలాగే ఉండేది. ఈ ఏడంతా దాంతోనే ఆడా. నేను ఒక్క గోలూ కొట్టలా. ఈ కొత్తది గట్టిగా ఉన్నంతకాలమే అన్నా, తప్పు వలది, నాది కాదు."