గోళ్ళరంగు పూసిన సూది

హెచ్‌ఐవీ ఉందని నర్సు చెప్పినా అతను బెదరలేదు.

"నాకుంటే ఉందిలే అక్కా. మా ఆవిడకి మాత్రం రాదు."

"ఇద్దరూ మత్తుసూది వేసుకుంటారుగా?"

"ఎవరి సూది వాళ్ళదే. కలిసిపోకుండా తన సూదికి ఎర్ర గోళ్ళరంగు పూస్తాను. సీసా అంతా దానికే తగలేస్తున్నానని తిడుతుంది కూడా. కండోమ్ లేకుండా దగ్గరికే పోను."

"మంచిపని. మరి మత్తుమందు కలిపే నీళ్ళు?"

"నీళ్ళదేముంది? ఇద్దరికీ ఒకటే గిన్నె."

నర్సు రాయడం ఆపి పెన్ను పక్కన పెట్టింది.

"వాడిన సూది అందులో ముంచితే, నీ రక్తం ఆ నీళ్ళలో కలుస్తుంది తమ్ముడూ."

"గిన్నె రోజూ తోముతానక్కా..."

"ఆమెను పరీక్షకి తీసుకురా."

"బయటే కూర్చుంది. రానని మొండికేస్తే నేనే నచ్చజెప్పి తెచ్చాను, మన సూదులు వేరే కదే, నీకేం భయమని."